రీసెర్చ్ మేనేజర్లకు ట్రైనింగ్ సరే, ఆ సిలబస్‌లో యానాది కాలనీ ఏది?

మీరు ఏదో ఒక కాలేజీలోనో యూనివర్సిటీలోనో చదివినవాళ్లయితే "ఆర్ అండ్ డీ సెల్" అని బోర్డున్న గది ఒకటి చూసే ఉంటారు. లోపల ఒక డీనో కోఆర్డినేటరో, ఇద్దరు ముగ్గురు ఆఫీసు స్టాఫ్, బీరువా నిండా ఫైళ్లు. ప్రాజెక్టు పెట్టాలన్నా, డబ్బు రావాలన్నా, వచ్చిన డబ్బుకి లెక్క చెప్పాలన్నా ఆ గది గుండానే పోవాలి. బయటి దేశాల్లో ఈ పని చేసేవాళ్లని రీసెర్చ్ మేనేజర్లు అంటారు. మన దగ్గర పేరు ఇంకా అలవాటు కాలేదు గానీ పని ఎప్పటినుంచో ఉంది. ఈమధ్య వీళ్ల కోసమే ప్రత్యేకంగా వర్క్‌షాపులు పెడుతున్నారు. మంచిదే. ఆ వర్క్‌షాపుల్లో ఏం చెప్తున్నారు, ఏం చెప్పట్లేదు అన్నదాని మీద నాలుగు మాటలు చెప్తాను, ఓపిగ్గా వినండి.

గిరిజన హక్కుల పేజీలో ఈ గొడవేంది అంటారా? తెనాలి పక్కన కాలవగట్టు మీద ఉండే యానాది పేటకైనా, బాపట్ల దగ్గర ఎరుకల కాలనీకైనా, రేపల్లె దిగువన సముద్రపు పాయల వెంట ఉండే గుడిసెలకైనా సర్వే కాగితాలు పట్టుకుని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. పీహెచ్‌డీ వాళ్లు, ఎమ్మెస్‌డబ్ల్యూ పిల్లలు, హోమ్‌సైన్స్ వాళ్లు, మెడికల్ కాలేజీ వాళ్లు. వచ్చే పిల్లల తప్పేం లేదు. వాళ్ల చేతిలో కాగితం మీద సంతకం పెట్టిన గది ఒకటుంది చూశారూ, మన మాట ఆ గదితో.

ఆ సర్వే ఎట్లా నడుస్తుందో మీకు తెలిసిందే.

"అమ్మా, నెలకి ఆదాయం ఎంతండీ?"

"నెలకా? దొరికిన్నాడు దొరికినట్టు బాబూ. పీతలు పడితే ఉండిద్ది, లేకపోతే లేదు."

"అట్లా కాదమ్మా, ఒక అంకె చెప్పాలి."

"నువ్వే ఏదో ఒకటి రాసుకో నాయనా. మొన్న వచ్చినాయన కూడా అట్టాగే రాసకపోయాడు."

ఆ "ఏదో ఒకటి" టేబుల్‌లోకి ఎక్కుతుంది. టేబుల్ నుంచి థీసిస్‌లోకి, థీసిస్ నుంచి పేపర్‌లోకి. పేపర్ పడితే న్యాక్ మార్కుల్లో, ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులో కాలేజీకి ఒక గింజ చేరుతుంది. ఆ గింజలు ఎక్కువ పోగేయడం ఎట్లాగో నేర్పేదే ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా నడుస్తున్న వర్క్‌షాపు. ప్రపోజల్ రాయడం, బడ్జెట్ పద్దులు వేయడం, యుటిలైజేషన్ సర్టిఫికెట్ టైముకి పంపడం, పేటెంట్ దరఖాస్తు, కాపీ పట్టే సాఫ్ట్‌వేర్, స్కోపస్. చివర్న గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్, కిట్ బ్యాగు.

ఈ పని కొత్తగా పెరుగుతోంది, అందుకే ఇప్పుడే మాట్లాడుకోవాలి. యూజీసీ 2022లో ప్రతి ఉన్నత విద్యాసంస్థలో రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ సెల్ పెట్టుకోవాలని మార్గదర్శకాలు ఇచ్చింది. 2023లో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చట్టం వచ్చింది, పాత సెర్బ్ దాంట్లో కలిసిపోయింది. ఇండియా అలయన్స్ అనే సంస్థ 2018లోనే రీసెర్చ్ మేనేజ్‌మెంట్‌ని ఒక వృత్తిగా నిలబెట్టాలని ప్రత్యేకంగా ఒక కార్యక్రమం మొదలెట్టింది. అంటే పీట ఇప్పుడే వేస్తున్నారు. పీట వేసేటప్పుడు అడగకపోతే వడ్డించేటప్పుడు అడిగి లాభం లేదు.

వ్యవసాయం వైపు అయితే ఇది కొత్త కూడా కాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో నార్మ్ ఉంది, వ్యవసాయ పరిశోధన యాజమాన్యం నేర్పడానికే 1976లో పెట్టిన జాతీయ అకాడమీ. వ్యవసాయ శాస్త్రవేత్తగా కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు అక్కడ ఫౌండేషన్ కోర్సు చేస్తారు. అందులో ఒక మంచి పద్ధతి ఉంది. కొత్తవాళ్లని జట్లుగా చేసి ఊళ్లలోకి పంపుతారు. అక్కడే ఉండి, రైతులతో తిరిగి, ఊరి పటం గీసి, ఊరివాళ్ల సమస్యలు ఊరివాళ్ల నోటే వినాలి. మన అడగబోయేదానికి ఇది ఆధారం. నిన్న గాక మొన్న చేరిన కుర్రాడిని ఊళ్లో ఉండమన్నవాళ్లు, పైన కూర్చుని పది ప్రాజెక్టులకి సంతకాలు పెట్టే పెద్దాయన్ని ఒక్క రోజు పేటకి రమ్మంటే తప్పేంటి?

ఇక బాపట్ల సంగతి. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో పుట్టింది. దేశమంతా తినే సాంబ మసూరి, అదే బీపీటీ 5204, 1986లో ఇక్కణ్ణుంచే విడుదలైంది. ఆ బీపీటీ అనే మూడక్షరాలు బాపట్లవే. ఊరికి గర్వం, మనకీ గర్వమే. అయితే అదే డెల్టాలో ఆ వరిని ఎలకల నుంచి కాపాడేది ఎవరు? తాటాకు, వెదురుతో బుట్టలు అల్లి, సాయంత్రం పూట గట్ల వెంట పెట్టి, తెల్లారి ఎత్తేవాళ్లెవరు? బొరియ చూసి లోపల ఎలక ఉందో లేదో, పిల్లలున్నాయో లేదో, రెండో నోరు ఎక్కడ తెరుచుకుంటుందో చెప్పేదెవరు? కుండలో గడ్డి రాజేసి పొగ ఊదేదెవరు? యానాదులు, ఎరుకలు. ఎకరానికింత అనో ఎలక్కింత అనో కూలి, దాంతోపాటు బొరియలో ఎలకలు దాచుకున్న వరి కంకులు. ఇదే వాళ్ల పీజు.

ఇప్పుడు వ్యవసాయ శాఖ పాంప్లెట్లలో "పొగబారించే యంత్రం" అని ఒకటి చూస్తాం. కుండకి బదులు ఇనప డబ్బా, నోటితో ఊదే బదులు తిప్పే పిడి. మంచి పరికరమే. కుండ మీద నోరు పెట్టి ఊదితే పెదాలు కాలతాయి, పొగంతా ఛాతీలోకి పోతుంది. తమిళనాడులో ఇరుళల కోసం ఇట్లాంటి చేతి యంత్రమే తయారుచేసిన వాళ్లకి 2003లో ప్రపంచ బ్యాంకు పోటీలో బహుమతి కూడా వచ్చింది. అక్కడ కనీసం ఎలకలు పట్టేవాళ్ల ఊపిరితిత్తుల నుంచి ఆలోచన మొదలైంది. నా ప్రశ్న ఒక్కటే. బొరియకి పొగ పెట్టాలన్న తెలివి ఎవరిది? ఒక రీసెర్చ్ మేనేజర్ ముందుకి ఇట్లాంటి ఫైలు వచ్చినప్పుడు, "పూర్వ జ్ఞానం ఎవరి దగ్గర్నుంచి తీసుకున్నారు" అని అడిగే గడి ఏదైనా ఫారంలో ఉందా? పేటెంట్ వర్క్‌షాపులో "ప్రయర్ ఆర్ట్" గురించి గంటలు గంటలు చెప్తారు. ఆ ప్రయర్ ఆర్ట్ ఒక యానాది ముసలాయన చేతిలో ఉండొచ్చన్న మాట మాత్రం స్లైడ్‌లో రాదు. ప్రాజెక్టు ఖర్చుల్లో ఆయన "లేబర్" కింద పడతాడు. కొడవలి పట్టేవాడు, పార పట్టేవాడు, ఎలక పట్టేవాడు అందరూ ఒకటే పద్దు.

ఇది కుదరని పని అంటారా? రెండు ఉదాహరణలు చెప్తాను. 1987లో కేరళ అడవుల్లో శాస్త్రవేత్తలు తిరుగుతున్నప్పుడు వెంట వచ్చిన కాణి గిరిజనులు ఏవో కాయలు నముల్తూ అలసట లేకుండా నడవడం చూశారు. అది ఆరోగ్యపచ్చ. దాంతో జీవని అనే మందు తయారైంది. తిరువనంతపురంలోని పరిశోధన సంస్థ ఆ మందు తయారీ హక్కు 10 లక్షల రూపాయల లైసెన్సు ఫీజుకి కంపెనీకి ఇచ్చి, ఫీజులోనూ రాయల్టీలోనూ సగం కాణిలకని ఒప్పుకుంది. 1997లో కాణిల ట్రస్టు రిజిస్టర్ అయ్యాక డబ్బు చేరింది. అందులో గొడవలు లేవని కాదు. మొక్క పెంచడానికి అటవీశాఖ అడ్డు పడింది, కాణిల్లోనే కొందరు మమ్మల్ని అడగలేదన్నారు. కానీ "సగం మీది" అని ఒక పరిశోధన సంస్థ రాసిచ్చింది, మన బయోడైవర్సిటీ చట్టం 2002లో రాకముందే.

రెండోది ఇంకా బాగుంటుంది. అమెరికాలో ఫ్లోరిడా చిత్తడి అడవుల్లో కొండచిలువలు పెరిగిపోయాయి. 2017లో ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్లు, అక్కడి వన్యప్రాణి శాఖ వాళ్లు ఎవర్ని పిలిపించుకున్నారో తెలుసా? తమిళనాడు నుంచి ఇద్దరు ఇరుళలని, మాసి సదయన్, వడివేల్ గోపాల్. మొదటి రెండు వారాల్లోనే 13 కొండచిలువలు పట్టారు. తర్వాత 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. యూనివర్సిటీ వాళ్లని కూలీలుగా పిలవలేదు, తెలిసినవాళ్లుగా పిలిచింది. మన యానాదులకి ఇరుళలు దూరపు చుట్టాల్లాంటి వాళ్లు, బతుకు దాదాపు ఒకటే. అట్లాంటోళ్లని ఒక యూనివర్సిటీ అంత దూరం నుంచి టిక్కెట్టు పెట్టి పిలిపించుకుంటే, బాపట్ల కాలేజీ గేటు నుంచి కూతవేటు దూరంలో ఉన్నవాళ్లని రిసోర్స్ పర్సన్‌గా పిలవడానికి మనకి ఏ పద్దు అడ్డం?

బాపట్ల అన్నాక స్టువర్టుపురం గురించి మాట్లాడకుండా పోలేం. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో అమలు చేసి, ఎరుకలని తెచ్చి ఇక్కడ కుదేశారు. సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు ఊరికి పెట్టారు. హాజరు పలకాలి, పాసు లేకుండా ఊరు దాటకూడదు. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. చట్టం పోయింది గానీ ముద్ర పోలేదు. 1991లో ఆ ఊరి పేరుతో సినిమాలొచ్చాయి, 2023లో ఇంకోటి.

ఇక్కడ పరిశోధన పాత్ర ఏంటో చూడండి. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. తలలు కొలిచాడు, ముక్కులు కొలిచాడు. కొరవలు, అంటే మన ఎరుకలు, యానాదులు అందరూ అందులో ఉన్నారు. ఇప్పటికీ థీసిస్‌లలో రెండో అధ్యాయం ఆ పుస్తకంతోనే మొదలవుతుంది. అదే థర్‌స్టన్ మనుషుల శరీర కొలతలు ఎట్లా తీయాలో మద్రాసు పోలీసులకి పాఠాలు కూడా చెప్పాడు. అంటే మన వాళ్ల మీద పరిశోధన ఎట్లా చెయ్యాలన్నదానికి మొదట్లో జరిగిన ట్రైనింగుల్లో ఒకటి పోలీసులకి జరిగింది! ఈ ఒక్క ముక్క చాలు, రీసెర్చ్ మేనేజర్ల వర్క్‌షాపు మొదటి రోజు మొదటి గంటలో చెప్పడానికి. ఇది తెలిసినవాడు "స్టువర్టుపురంలో నేర ప్రవృత్తి" లాంటి టైటిల్‌తో ప్రపోజల్ వస్తే ఒక్క నిమిషమైనా ఆగి చూస్తాడు. తెలియనివాడు టాపిక్ బాగుందే అని ముందుకి పంపుతాడు.

ఇవి పాత కథలు అనుకుంటే 2009 గుర్తు తెచ్చుకోండి. ఖమ్మం జిల్లా, భద్రాచలం వైపు. గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా ప్రాజెక్టు. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి, సుమారు 14 వేల మందికి వేశారు. చాలామంది హాస్టళ్లలో చదువుకునే గిరిజన పిల్లలు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. పిల్లల మరణాలకి టీకాతో సంబంధం కనపడలేదని విచారణ కమిటీ అంది, ఆ చర్చ ఇక్కడ పెట్టను. నేను చెప్పేది కాగితాల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. తల్లిదండ్రులు కాదు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీని మీద గట్టిగానే రాసింది.

ఒక్కసారి ఆలోచించండి. ఆ 2,763 కాగితాలు దొంగచాటుగా జరిగినవి కావు. ఎవరో ఫారం తయారుచేశారు, ఎవరో సంతకం ఎక్కడ పెట్టాలో చూపించారు, ఎవరో లెక్కపెట్టి ఫైల్లో పెట్టారు. అది పరిశోధన యాజమాన్యమే. డాక్టర్ల తప్పులకంటే ముందు గుమాస్తాల చేతుల్లో జరిగిపోయింది. అందుకే నేను సైంటిస్టుల ట్రైనింగ్ కంటే ఈ గది ట్రైనింగ్ గురించి ఎక్కువ పట్టుబడుతున్నాను. ఫారంలో "తల్లి లేదా తండ్రి సంతకం, వాళ్ల మాటలో వివరించినవారి పేరు" అని గడి పెట్టి, అది ఖాళీగా ఉంటే డబ్బు విడుదల కాదు అంటే చాలు. సగం ఆగిపోయేది.

అయినా ఇప్పుడు రూల్స్ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు గిరిజనుల్ని ప్రత్యేక రక్షణ కావాల్సినవాళ్లుగా చెప్పాయి. పెద్దమనిషి అనుమతి తీసుకున్నా అది ఎవరి వ్యక్తిగత సమ్మతికీ బదులు కాదని కూడా చెప్పాయి. ఎథిక్స్ కమిటీలో మామూలు జనం నుంచి ఒకరు ఉండాలి. కానీ అవి వైద్య, ఆరోగ్య పరిశోధనకి. మన పేటలకి వచ్చే సర్వేల్లో ఎక్కువ భాగం అప్పుల మీద, వలసల మీద, చదువుల మీద, చేపల మీద, పొలం పనుల మీద. అవి చాలాచోట్ల ఏ ఎథిక్స్ కమిటీ గడపా తొక్కవు. గైడ్ సంతకం, డీన్ సంతకం, అంతే.

ఇంకో మెలిక ఉంది, దీన్ని ఏజెన్సీలో ఉన్న మిత్రులు కూడా సరిగా పట్టించుకోరు. పాడేరులోనో రంపచోడవరంలోనో అయితే పెసా ఉంది, గ్రామసభ ఉంది, కనీసం కాగితం మీద ఊరి మాట అనేదొకటుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె మైదానం. షెడ్యూల్డ్ ఏరియా కాదు. 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో యానాదులు 5 లక్షలు దాటారు, ఎరుకలూ 5 లక్షలు దాటారు. అయినా పది ఇళ్లు ఇక్కడ, ఇరవై ఇళ్లు అక్కడ, ఊరి చివర, కాలవ పక్కన, రొయ్యల చెరువు గట్టు మీద. వాళ్ల తరఫున "మా పేటలోకి రండి" అనో "రావద్దు" అనో చెప్పేది ఎవరు? సర్పంచ్ వేరే కులం. రొయ్యల చెరువు కాపలా పనిలో ఉన్న కుటుంబం అయితే, సర్వేకి పర్మిషన్ ఇచ్చేది చెరువు యజమాని! అప్పుల గురించి అడగడానికి వచ్చిన పిల్లాడు అప్పిచ్చినాయన పక్కన నిలబడుండగా ప్రశ్నలడిగితే ఏం జవాబొస్తుంది? "మా సారు మంచోడు" అనే వస్తుంది. ఆ జవాబు మీద ఒక పాలసీ పేపర్ పుడుతుంది.

సంఘం నాయకులు సంతకం పెడితే సరిపోదా? సరిపోదు. ఈ మాట మన వాళ్లకి నచ్చకపోవచ్చు. సంఘం నాయకుడు గుంటూరులో ఉంటాడు, పేట నిజాంపట్నం పక్కన ఉంటుంది. ఆయన లెటర్‌హెడ్ మీద సంతకం, పేటలో ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకోవడం రెండూ ఒకటి కావు. వార్డెన్ సంతకాన్ని తప్పు పట్టి నాయకుడి సంతకాన్ని ఒప్పంటే మనకీ వాళ్లకీ తేడా ఏముంది?

దక్షిణాఫ్రికాలో సాన్ తెగవాళ్లు ఈ చిక్కుని ఎట్లా విప్పుకున్నారో చూడొచ్చు. 2010లో సాన్ మనుషుల జన్యు పటం ఒకటి పెద్ద సైన్సు పత్రికలో అచ్చయింది. మమ్మల్ని అడగలేదే అని వాళ్ల కౌన్సిల్ నిలదీసింది. 2017లో వాళ్లే తమ పరిశోధన నియమావళి రాసుకున్నారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ, దానికో పద్ధతి. నాలుగు పేజీలు కూడా ఉండదు. యూనివర్సిటీ రాసి తెగకి వినిపించింది కాదు, తెగ రాసి యూనివర్సిటీకి ఇచ్చింది. అమెరికాలో అయితే అరిజోనా స్టేట్ యూనివర్సిటీ హవసుపాయి తెగవాళ్ల రక్తం షుగరు వ్యాధి పరిశోధనకని తీసుకుని వేరేవాటికి వాడింది. 2010లో 7 లక్షల డాలర్లు కట్టి రాజీ పడింది. అకౌంట్స్ సెక్షన్ వాళ్లకి మిగతా కథలు ఎక్కకపోయినా ఈ అంకె ఎక్కుతుంది.

అంకెల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న లెక్క. ఒక సర్వే 300 ఇళ్లకి వెళ్తుందనుకోండి. ఇంటికి రెండు గంటలు. మొత్తం 600 గంటలు, అంటే రోజుకి ఎనిమిది గంటల చొప్పున 75 పనిదినాలు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 300 రూపాయలు. 22,500 రూపాయలు. పేట జనం పరిశోధనకి ఇచ్చిన చందా ఇది. ప్రాజెక్టు బడ్జెట్‌లో ట్రావెల్ ఉంటుంది, కంటింజెన్సీ ఉంటుంది, సెమినార్‌కి టీ బిస్కెట్లు ఉంటాయి. ఈ 22,500కి పద్దు ఉండదు. డబ్బిస్తే జవాబులు మారిపోతాయని మెథడాలజీ పుస్తకాలు చెప్తాయి, నాకు తెలుసు. పోయిన కూలికి బదులివ్వడం వేరు, జవాబు కొనుక్కోవడం వేరు. ఆ తేడా ఎట్లా పాటించాలో, ఆడిటర్‌కి ఎట్లా చెప్పాలో నేర్పడానికే కదా ట్రైనింగ్ ఉండేది!

మనలో కొందరంటారు, ఈ గోలంతా ఎందుకు, సర్వేలే రావద్దని బోర్డు పెడదాం అని. నేను ఒప్పుకోను. మైదాన ప్రాంత గిరిజనులకి ఇప్పటికే ఎవరి లెక్కల్లోనూ చోటు లేదు. కులం సర్టిఫికెట్ లేక, ఆధార్‌లో పేరు తప్పు పడి, బడిలో పేరున్నా బడికి పోలేక, ఎంతమంది ఏ పథకానికి దూరమయ్యారో చెప్పే నిఖార్సైన లెక్క మనకే కావాలి. పాయల్లో చేపలెందుకు తగ్గాయో, చెరువుల ఉప్పునీళ్లు తాగే బోర్లలోకి ఎంత దూరం వచ్చాయో కొలిచి చెప్పేవాళ్లు కావాలి. బాపట్లలో ఉప్పునేలల మీద పరిశోధన ఏళ్ల తరబడి జరుగుతూనే ఉంది. ఆ తెలివి మాగాణి రైతు దాకా పోతుంది, గట్టు మీద గుడిసె దాకా రాదు. రానివ్వమని అడగాలి గానీ పొమ్మనడం కాదు.

మరి అడిగేదేంటి? పెద్ద కోరికలు కాదు. ఐదు రోజుల వర్క్‌షాపులో ఒక రోజు హాల్లో కాకుండా పేటలో జరగాలి. రేపల్లె దిగువనో, స్టువర్టుపురంలోనో, తెనాలి కాలవగట్టు మీదో. ఫొటోలకి కాదు. మీ యూనివర్సిటీ వాడే సమ్మతి పత్రాన్ని అక్కడ ఒక అమ్మకి చదివి వినిపించండి. "నేను స్వచ్ఛందంగా, ఎటువంటి ప్రలోభాలకు లోనుకాకుండా" అన్నదగ్గర ఆమె మొహం చూడండి. ఆ వాక్యాన్ని ఆమెకి అర్థమయ్యేట్టు మళ్లీ రాయడం ఆ రోజు మీ ఎక్సర్‌సైజ్. చెప్పడానికొచ్చిన పేట మనుషులకి ప్రొఫెసర్‌కి ఇచ్చే గౌరవవేతనమే, అదే వోచర్ మీద, అదే రేటు. "సంతకం రాదు కదండీ" అంటే వేలిముద్రకి బ్యాంకు ఖాతా ఉంది, దాంట్లో వెయ్యండి. ప్రాజెక్టు ముగిశాక చివరి విడత డబ్బు విడుదలకి ముందు "పేటకి వెళ్లి ఏం తేలిందో చెప్పి వచ్చాం" అన్న కాగితం ఒకటి జతపరచాలి, యుటిలైజేషన్ సర్టిఫికెట్ లాగే.

అడ్డం వచ్చే మాట ఒకటుంది. "మేం ఆఫీసు వాళ్లం, పైనుంచి ఫారం ఎట్లా వస్తే అట్లా నింపుతాం, సమాజ సేవ మా పని కాదు" అని. కొంత నిజమే, పాపం వాళ్ల మీద యూసీల ఒత్తిడి, పోర్టల్ ఓపెన్ కాకపోవడం, రాత్రి పదకొండింటికి డెడ్‌లైన్లు నేను చూస్తూనే ఉన్నాను. చాలాచోట్ల ఆ పని చేసేది కాంట్రాక్టు మనిషి, నెల జీతం కూడా సమయానికి రాదు. అందుకే కదా అడిగేది వ్యక్తుల్ని కాదు, ట్రైనింగ్ పెట్టేవాళ్లని. గిరిజనుల కోసమని వ్యవసాయ పరిశోధన సంస్థలకి ట్రైబల్ సబ్ ప్లాన్ పద్దు ఉంది, పేరు మారినా డబ్బు ఆగలేదు. స్ప్రేయర్లు, విత్తనాల సంచులు పంచి ఫొటో తీసుకోవడంతో అది ఖర్చయిపోకుండా, అందులోంచి ఇట్లాంటి ఒక రోజుకి సర్దడం ఏ రూలుకీ విరుద్ధం కాదు.

ఇది చదివేవాళ్లలో మన పిల్లలూ ఉంటారు. ఎస్టీ విద్యార్థులకి ఏటా 750 జాతీయ ఫెలోషిప్‌లు ఇస్తున్నారు, వాటితో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు, నాగార్జున యూనివర్సిటీలోనో ఇంకోచోటో గెస్ట్ ఫ్యాకల్టీగా చేస్తున్నవాళ్లు. రేపో ఎల్లుండో మీ కాలేజీలోనూ ఆర్ అండ్ డీ సెల్ వర్క్‌షాపు అని సర్క్యులర్ వస్తుంది. "నీదీ ఆ కమ్యూనిటీయే కదా, ట్రైబల్ టాపిక్ నువ్వే చూసుకో" అని మీ మీదకి నెట్టేస్తారు కూడా. వెళ్లండి. వెళ్లి కూర్చోండి. ఎథిక్స్ సెషన్ ఎన్ని గంటలు పెట్టారో చూడండి. ఆఖరి రోజు ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తారు. అందులో భోజనం ఎట్లా ఉంది, హాల్ ఎట్లా ఉంది అన్నవాటి కింద "ఇతర సూచనలు" అని రెండు గీతలుంటాయి. అందరూ ఖాళీగా వదిలేసి బస్సెక్కుతారు. మీరు పేట పేరు రాయండి, బాపట్ల నుంచి అక్కడికి ఏ ఆటో పోతుందో కూడా రాయండి.